పాత త్రీనాట్‌త్రీకి తూటాలు నింపబోయే మన అబ్బాయిలకి

మా మేనల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు. మొన్న వీడియో కాల్‌లో గరాజ్‌లోకి ఫోన్ పట్టుకెళ్లి "మావయ్యా, మీ త్రీనాట్‌త్రీ కొన్నాను చూడండి" అని ఒక పాత లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఎత్తి చూపించాడు. నవంబర్‌లో జింకల సీజన్ మొదలవుతుందట, బయట తూటాలు మండిపోతున్నాయట, అందుకని కాల్చిన ఖోకాలు, అంటే తూటా పేలాక మిగిలే ఇత్తడి గొట్టాలు, ఏరుకుని ఇంట్లోనే తుపాకీ మందు నింపుకుంటాడట. వాడికి అప్పుడే అరగంట క్లాసు పీకాను. వాడి స్నేహితుల్లో ఇంకో ఇద్దరు గోదావరి కుర్రాళ్లు కూడా ఇదే పనిలో ఉన్నారని తెలిసి, పాలకొల్లులో తోటలో మంచం వేసుకుని ఇది రాస్తున్నాను.

ముందే చెబుతున్నా, ఆర్మీలో నేను ఆర్మరర్‌ని. తుపాకీ బాగుచేయడం మా పని, తూటా చేయడం ఫ్యాక్టరీ పని. ఎన్‌సీసీ వాళ్ల త్రీనాట్‌త్రీలు మా వర్క్‌షాప్‌కి వచ్చేవి కాబట్టి ఆ తుపాకీ గుణం తెలుసు. నింపడం గురించి వాడు పంపిన మాన్యువల్ రెండుసార్లు చదివాను. వాడు మాత్రం ఒక్కసారీ పూర్తిగా చదవలేదు, అదే నా టెన్షన్.

మందు డబ్బా కొనే ముందు మీ వీసా ఏమిటో చూసుకోండి. హెచ్‌1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీయే కాదు, తూటా ఉన్నా అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. గ్రీన్‌కార్డు వాళ్లకి ఈ గొడవ లేదు. సొంతానికి నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు గానీ, నింపి అమ్మాలంటే కావాలి, కాబట్టి స్నేహితులకి డబ్బులు తీసుకుని ఇవ్వొద్దు.

తర్వాత చేతిలో ఉన్నది ఏ తుపాకీయో చూడండి. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైనవి అమెరికాలో చాలా ఉన్నాయి, పైకి అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి. కొన్ని .303, అంటే మన త్రీనాట్‌త్రీ. 2ఎ, 2ఎ1 అనే రకాలు 7.62 మి.మీ. ఇంకొన్నిటిని .410 మస్కెట్లుగా, అంటే లోపల గాళ్లు లేని నున్నటి గొట్టం తుపాకులుగా మార్చేశారు. ఒకదాని తూటా ఇంకోదాంట్లో పెడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. అమ్మినవాడి మాట కాదు, తుపాకీ మీద కొట్టిన ముద్రలు చదవండి, అయినా తేలకపోతే గన్‌స్మిత్‌కి చూపించండి. హెడ్‌స్పేస్, అంటే లోపల కూర్చున్న తూటాకి వెనక ఉండే సందు, కూడా ఆయన చేతే గేజ్ పెట్టించి చూపించండి.

ఇక అసలు సంగతి. ఈ తుపాకీ ఛాంబర్, అంటే తూటా కూర్చునే గది, వదులుగా ఉంటుంది. యుద్ధంలో బురద పట్టిన తూటా కూడా దూరిపోవాలని అలా చేశారు. తూటా నిలబడేది దాని అడుగు అంచు మీద, మెడ కింద సన్నబడే భుజం మీద కాదు. తూటాని వెనక నుంచి మూసే కడ్డీ, అదే బోల్ట్, దానికి తాళం పడేదీ ముందు కాదు, వెనక. దాంతో పేలినప్పుడు బోల్ట్ కొంచెం నొక్కుకుని వెనక్కి జరుగుతుంది, ఇత్తడి ఖోకా ముందుకి ఉబ్బి అడుగుకి కాస్త పైన పలచబడుతుంది. ఒకసారి కాలిస్తే ఏం కాదు. కానీ మీరు దాన్ని తెచ్చి డై అనే ఉక్కు అచ్చులో నిలువునా నొక్కి మళ్లీ పాత కొలతకి తెస్తారు, మళ్లీ కాలుస్తారు, అది మళ్లీ సాగుతుంది, ఇలా అయిదారుసార్లు అయ్యేసరికి ఖోకా అక్కడే రెండు ముక్కలు. మన చేలగట్టు అయినా అంతే, గండి పడేది ఎత్తు తక్కువైన చోట కాదు, లోపల ఎండ్రకాయ తొలిచిన చోట. ఆ తెగిన సందులోంచి వేడి గ్యాస్ వెనక్కి, మీ ముఖం మీదికి వస్తుంది. కళ్లద్దాలు పెట్టుకోమని అరిచేది అందుకే.

కాబట్టి ఒకే తుపాకీలో కాల్చిన ఖోకాలు దానికే ఉంచి, డైలో మెడ మాత్రమే నొక్కి సైజ్ చేయండి. ప్రతిసారీ రెండు పనులు చేయండి. అడుగుకి పైన చుట్టూ మెరిసే గీత ఉందేమో చూడండి. చివర వంచిన సన్నని గట్టి తీగ లోపలికి పెట్టి అడుగు నుంచి పైకి లాగండి, గోరుకి తగిలినట్టు ఎక్కడైనా గాడి తగిలితే ఆ ఖోకా ప్లయర్‌తో నొక్కి చెత్తలో పడేయండి. "ఇంకొక్కసారికి వస్తుందిలే" అనుకునే పిసినారితనం ఇక్కడ పనికిరాదు.

మందు దగ్గర కళ్లకొలత వద్దు. దీపావళికి చిచ్చుబుడ్డిలో మందు దట్టించిన చేతులు మనవి, ఎక్కువ దట్టిస్తే ఎక్కువ ఎగురుతుందని చిన్నప్పటి నుంచి ఒంటబట్టింది, దాన్ని మర్చిపోండి. మందు తూచేది గ్రెయిన్లలో, ఒక గ్రెయిన్ అంటే గ్రాములో పదిహేనో వంతు. మాన్యువల్‌లో ఆ మందుకి, ఆ బుల్లెట్‌కి (తూటా కొసన ఉండి ఎగిరిపోయే ముక్క) ఇచ్చిన కనీస కొలతతో మొదలుపెట్టండి, ఎవరో ఇంటర్నెట్‌లో రాసిన అంకెతో కాదు. గరిష్ఠ కొలత జోలికి ఈ ముసలి తుపాకీతో వెళ్లనే వద్దు. బల్ల మీద ఒక్క మందు డబ్బానే ఉండాలి. పని అవగానే మిగిలింది అదే డబ్బాలోకి పోవాలి, ఊరగాయ జాడీలోకి కాదు. బుల్లెట్లు బిగించే ముందు వరసలో ఉన్న ఖోకాలన్నిటిలోకి టార్చి వేసి చూడండి, ఒకదాంట్లో మట్టం ఎత్తుగానో, అసలు ఖాళీగానో ఉందంటే అక్కడే దొరుకుతుంది. ఫోన్ పక్క గదిలో పెట్టండి. ఇంట్లోంచి ఎవరైనా పిలిస్తే చేతిలో ఉన్న ఖోకాని ఖాళీ చేసి లేవండి, ఎందుకంటే తిరిగొచ్చాక "పోశానా, పోయలేదా" అన్న అనుమానం దగ్గరే డబుల్ చార్జ్ పడుతుంది.

బుల్లెట్ వ్యాసం .311 లేదా .312 అంగుళాలు, .308 కాదు. పాత బారెల్స్ ఒక్కోటీ ఒక్కోలా అరిగి ఉంటాయి, మెత్తటి సీసం ముక్క దూర్చి కొలిపించుకుంటే మంచిది. సీసం ముట్టుకున్న చేత్తో ఏమీ తినకండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

కాల్చేటప్పుడు "ఢాం" అనాల్సింది "తుస్" అంటే అక్కడే ఆగిపోండి. బుల్లెట్ బారెల్‌లో ఇరుక్కుని ఉండొచ్చు, దాని వెనక ఇంకోటి కాలిస్తే బారెల్ చీలుతుంది. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే కనీసం అర నిమిషం అలాగే ముందుకి పట్టుకుని ఉండండి.

పాత మిలిటరీ తూటాలు చవగ్గా దొరికాయని వాడు ఒక పెట్టె కొన్నాడు. వాటిలో చాలావాటి మందు కార్డైట్ అనే పాత రకం, సన్నని పుల్లల్లా ఉంటుంది, దాన్ని తీసి మళ్లీ వాడాలని చూడొద్దు. ఆ ఖోకాల్లో చాలావాటికి అడుగున రెండు చిన్న బెజ్జాలుంటాయి, మీ డై సూది వాటిలో విరుగుతుంది. ఆ పాత తూటాల ప్రైమర్, అంటే అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్ల, కాలాక మిగిలేది ఒక రకం ఉప్పు, తేమని లాక్కుంటుంది. అంతర్వేదిలో గేట్లు ఎలా తుప్పు పడతాయో చూశారుగా, బారెల్ కూడా అంతే. నూనె ఒక్కటే రాస్తే ఆ ఉప్పు పోదు. ముందు వేడినీళ్లు పోసి, పుల్‌త్రూ తాడుకి చిందీ గుడ్డ కట్టి బారెల్‌లోంచి లాగి, బాగా ఆరాక అప్పుడు నూనె.

సంక్రాంతికి ఇంటికి వస్తామంటున్నారు. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగు ప్రయాణానికి తేవొద్దు. జేబు మూలలో ఒక్క తూటా మిగిలినా ఎయిర్‌పోర్టులో ఎక్స్‌రేకి దొరుకుతుంది, పందేలకి భీమవరం చేరాల్సినవాళ్లు పోలీస్ స్టేషన్‌లో కూర్చుంటారు. ఇక్కడికి వచ్చాక "మావయ్యా, ఇక్కడే నింపి చూపిస్తా" అని కూడా అనకండి. త్రీనాట్‌త్రీ మన దగ్గర నిషిద్ధ బోరు, లైసెన్స్ లేకుండా ఏ తూటా తయారు చేసినా 1959 ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత కనీసం ఏడేళ్లు జైలు. అత్తయ్య పూతరేకులు చేయించి ఉంచుతానంది, బ్యాగులో చోటు వాటికి ఉంచుకోండి.