నాన్న పానాలను మళ్లీ పనిలోకి దించడం ఎలా

నాన్న రాజమండ్రిలో అంబాసిడర్ టాక్సీ నడిపేవారు. దారిలో ఏది చెడినా బండి కిందకి తనే దూరేవారు. ఆయన పోయాక నా వంతుకి ఒక ఇనప పెట్టె వచ్చింది. మూడేళ్లు మంచం కిందే ఉంచేశాను. తెరిచేసరికి పానాలన్నీ తుప్పుతో అతుక్కుపోయి ఉన్నాయి. ఒకటి ఊడదీసి చేత్తో తడిమితే నడుము మీద ఆకురాయితో కోసిన రెండు గాట్లు తగిలాయి. షెడ్డులో పదిమంది పానాలూ కలిసిపోతాయని ఆయన పెట్టుకున్న గుర్తు. మీ ఇంట్లో అలాంటి పెట్టె ఉంటే, పాత ఇనప సామానుకి వేసేయకండి. ఒక ఆదివారం కూర్చుని విప్పండి.

తుప్పు కంటే ముందు సైజులు చూడాలి. అంబాసిడర్ బోల్టులది అంగుళాల లెక్క: 7/16, 1/2, 9/16. మారుతి 800 లాంటి జపాన్ వరస బండ్లకి 10, 12, 14, 17 మిల్లీమీటర్లు. ఫియట్ నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మిని కారుకి 13, 19 కూడా కావాలి. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. అది తెలియక నాన్న అరంగుళం పానాని మా మారుతి సైలెన్సర్ పైపు దగ్గర 12 నట్టుకి పెట్టాను. పట్టినట్టే అనిపించింది. బలంగా లాగగానే జారి, నట్టు మూలలు అరిగి గుండ్రమైపోయింది. వేళ్ల కణుపులు చీరుకుపోయాయి. ఆ నట్టుని చివరికి ఉలితో కోయించాల్సి వచ్చింది. ముప్పావు అంగుళం మాత్రం 19.05, కాబట్టి 19కి నిక్షేపంగా పనిచేస్తుంది. అందుకే అంగుళాలవి ఒక గుడ్డలో, మిల్లీమీటర్లవి ఇంకో గుడ్డలో చుట్టి పెట్టండి. అంకె అరిగిపోయి కనబడకపోతే కొత్త బోల్టు తల మీద పెట్టి చూడండి. ఏ సైజు మీదా సరిగ్గా కూర్చోకుండా ఆడిందంటే నోరు విచ్చుకుందన్నమాట. బిగుసుకున్న నట్లని దానితో విప్పకండి.

తుప్పుకి రెండు రోజులు కిరసనాయిల్లో నానబెట్టి ఇత్తడి బ్రష్షుతో రుద్దితే చాలావరకు పోతుంది. మొండి మచ్చలకి చిక్కటి చింతపండు పులుసు పట్టించి ఒక రాత్రి ఉంచుతాను. పొద్దున్నే వంటసోడా నీళ్లతో కడిగి, ఎండబెట్టి, వెంటనే ఇంజన్ ఆయిల్ పూయాలి. పులుపు మిగిలితే సాయంత్రానికే మళ్లీ ఎర్రబడుతుంది. తుప్పు వదలడానికి మంట మీద మాత్రం కాల్చకండి. పానాకి గట్టిదనం కోసం పోసిన పదును పోయి మెత్తబడుతుంది. గ్రైండరు మీద స్క్రూడ్రైవర్ మొన సరిచేసేటప్పుడూ అంతే: నీలం రంగు తిరిగిందంటే ఆ మొన పోయినట్టే. క్షణానికోసారి నీళ్లలో ముంచుతూ ఉండాలి, లేదా ఆకురాయితో ఓపిగ్గా రాయాలి. నేను ఆకురాయే వాడతాను.

రింగు పానాలకి పగుళ్లు చూడటం నాన్న నేర్పిందే. కిరసనాయిలు పూసి, పావుగంట ఆగి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి రాయండి. పగులు ఉంటే లోపల దాగిన నూనె పైకి వచ్చి తెల్లటి పొడి మీద సన్నటి గీత గీస్తుంది. అలా గీత పడిన పానాని ఎంత ప్రేమ ఉన్నా పనిలో పెట్టకండి. నావి రెండు అలా పోయాయి, గోడకి తగిలించాను. ఉలి తల సుత్తి దెబ్బలకి పుట్టగొడుగులా అంచులు విచ్చుకుంటే ఆ అంచులు రాసేయండి. దెబ్బకి ముక్క ఎగిరి కంట్లో పడుతుంది. సుత్తి పిడి వదులైతే మేకు కొట్టి సరిపెట్టకుండా కొత్త కర్ర వేయించండి. కటింగ్ ప్లయర్ పిడి తొడుగు పగిలితే కరెంటు పనికి అది పనికిరాదు.

పెట్టెలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఫీలర్ గేజ్, అంటే సన్నటి సందులు కొలిచే పల్చటి ఉక్కు ఆకుల కట్ట. ఆకులన్నీ నల్లబడినా 15 అని రాసి ఉన్న ఆకొక్కటే వెండిలా మెరుస్తోంది. అంబాసిడర్ ఇంజన్‌లో వాల్వుల దగ్గరుండే ట్యాపెట్ల సందు అదే, అంగుళంలో వెయ్యింట 15 వంతులు, అంటే 0.38 మిల్లీమీటర్లు. ఎన్ని వందల సార్లు తోశారో, ఆ ఆకు అంచులు నున్నగా అరిగాయి. దాన్ని రుద్దకండి, బ్రష్షు తగలనివ్వకండి. మందం పోతే కొలత పోతుంది. నూనె గుడ్డతో తుడిచి మూయడమే.

గోదావరి గట్టున వానాకాలమంతా గాలిలో తడే. పెట్టెలో నాలుగు సుద్దముక్కలు వేసి మూత పెడతాను. అవి తడి పీల్చుకుంటాయి. చల్లగా, బరువుగా అనిపిస్తే తీసి ఎండలో పరిచి, మళ్లీ లోపల వేస్తాను.