థెరపిస్టుగా జాతివివక్షను అర్థం చేసుకుని, దాన్ని ఎదిరించేలా పనిచేయడం ఎలా?

అమెరికాలో కౌన్సెలింగ్, సైకాలజీ, సోషల్ వర్క్ చదివి, లైసెన్సు తెచ్చుకుని ప్రాక్టీసు చేస్తున్న తెలుగువారు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వారి దగ్గరికి వచ్చేది తెలుగువారు మాత్రమే కాదు. నల్లజాతివారు, లాటినోలు, తెల్లవారు, ఆ దేశంలోనే పుట్టిపెరిగిన మన పిల్లలు కూడా వస్తారు. ‘నాకు అందరూ ఒకటే, నేనెవరినీ తక్కువగా చూడను’ అనే మాట మనకు నాలుక చివరే ఉంటుంది. ఆ మాటలో అబద్ధం ఉండకపోవచ్చు గానీ, దానివల్ల క్లయింటుకు ఒరిగేది ఏమీ లేదు. మన మనసులో ఏముందో ఆమెకు కనిపించదు. ఆమె ఫోను చేస్తే తిరిగి చేశామా, ఆమె చెప్పింది నమ్మామా, ఆమె ఫైలులో ఏ మాట రాశాం అన్నవే ఆమె బతుకు మీద పనిచేస్తాయి. అందువల్ల ఇక్కడ మంచి ఉద్దేశాల గురించి కాకుండా ఆ పనుల గురించే రాస్తున్నాను.

1. ముందు మీ వృత్తి చరిత్ర చదవండి

పాఠ్యపుస్తకాల్లో మనం చదువుకున్న మనోవైద్య చరిత్ర పక్కనే ఇంకో చరిత్ర నడిచింది. 1840 నాటి అమెరికా జనాభా లెక్కల్లో, ఉత్తరాది రాష్ట్రాల్లో స్వేచ్ఛగా బతుకుతున్న నల్లజాతివారిలో మతి చలించినవారు విపరీతంగా ఉన్నట్టు అంకెలు వచ్చాయి. కొన్ని ఊళ్లలోనైతే అక్కడున్న మొత్తం నల్లజాతి జనం కంటే వారిలోని మతిచలించినవారి సంఖ్యే ఎక్కువగా తేలింది. ఎడ్వర్డ్ జార్విస్ అనే వైద్యుడు ఆ తప్పులను బయటపెట్టినా, బానిసత్వమే వారికి క్షేమమని వాదించేవారు ఆ అంకెలను వదులుకోలేదు. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే దక్షిణాది వైద్యుడు, బానిసలు యజమాని నుంచి పారిపోవడాన్ని ‘డ్రాపెటోమానియా’ అనే మానసిక రోగంగా వర్ణించి, దానికి విరుగుడుగా కొరడా దెబ్బలను సూచించాడు.

ఇదంతా పాతకాలపు సంగతి అనుకోవడానికి వీల్లేదు. పౌరహక్కుల ఉద్యమం ఉధృతంగా సాగుతున్న 1968లో, ఇద్దరు మనోవైద్యులు నల్లజాతి పురుషుల నిరసనకూ స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక రోగానికీ ముడిపెట్టి, దానికి ‘ప్రొటెస్ట్ సైకోసిస్’ అని పేరు పెడుతూ ఒక ప్రముఖ వైద్య పత్రికలో వ్యాసం రాశారు. 1974లో అదే పత్రికలో, అలాంటి రోగాలకు ఇచ్చే హాలోపెరిడాల్ అనే మందు ప్రకటనలో, నగర వీధిలో పిడికిలి బిగించి కోపంగా నిలబడ్డ నల్లజాతి మనిషి బొమ్మ వేశారు. ఆ మందు మనందరికీ తెలిసినదే, నేటికీ వాడుతున్నదే. ఇక సంఘాల విషయానికి వస్తే, జాతివివక్షలో తమ పాత్రకు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ క్షమాపణ చెప్పింది 2021 జనవరిలో. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ చెప్పింది అదే ఏడాది అక్టోబరులో.

ఈ చరిత్రను దేశం మొత్తానికి సంబంధించిన పాఠంలా చదివి పక్కన పెట్టకుండా, మీరు ప్రాక్టీసు చేసే రాష్ట్రానికి తెచ్చి చూడండి. మేరీల్యాండ్‌లో పనిచేసేవారైతే, 1911లో నల్లజాతి రోగుల కోసమే తెరిచి, తరవాత క్రౌన్స్‌విల్ ఆసుపత్రిగా పేరుపడ్డ సంస్థ గురించి చదవాలి. ఆ భవనాలను కట్టే పనిలో మొదటి రోగుల చేతనే చాకిరీ చేయించారు. 2004 వరకూ ఆ ఆసుపత్రి నడిచింది. అంటే ఈ రోజు మీ ఎదుట కుర్చీలో కూర్చున్న మనిషి మేనత్తో, తాతో అక్కడ ఉండి ఉండవచ్చు. ‘మా ఇంట్లో ఇలాంటి చోట్లకు ఎవరూ వెళ్లరు’ అని క్లయింటు అన్నప్పుడు, అది చికిత్స మీద చిన్నచూపు కాదని, ఇంట్లో తరతరాలుగా చెప్పుకున్న జాగ్రత్త అని అప్పుడు తెలుస్తుంది.

ఎదురు నిలిచినవారినీ చదవాలి. బొమ్మలతో చేసిన పరీక్షల ద్వారా, వేరువేరు బడులు నల్లజాతి పిల్లల మనసును ఎలా గాయపరుస్తాయో చూపిన మేమీ క్లార్క్, కెన్నెత్ క్లార్క్ దంపతుల పరిశోధన, బడుల్లో జాతివారీ విభజన చెల్లదన్న 1954 నాటి సుప్రీంకోర్టు తీర్పులో ప్రస్తావనకు వచ్చింది. రోజువారీ చిన్నచిన్న అవమానాలకు 1970లో ‘మైక్రోఅగ్రెషన్’ అనే పేరు పెట్టిన చెస్టర్ పియర్స్ నల్లజాతి మనోవైద్యుడే. ఆ మాటను శిక్షణ తరగతుల్లో అందరం వాడతాం గాని, ఆయన పేరు ఎంతమందికి గుర్తుంటుంది?

2. మీ ఇంట్లో విన్న మాటలను కాగితం మీద పెట్టండి

ఇది కాస్త ఇబ్బంది పెట్టే అడుగు. ‘నలుపైనా కళగా ఉంటుంది’ అనే మెప్పును వినని తెలుగు ఆడపిల్ల ఉండదు. ఆ ‘అయినా’లో ఎంత ఉందో మనకు తెలుసు. పెళ్లి ప్రకటనల్లో చామనఛాయను కూడా దాచిపెట్టి ‘తెల్లని’ అని రాయించిన పెద్దలు అమెరికాకు విమానం ఎక్కగానే మారిపోరు, వారి పిల్లలమైన మనమూ మారిపోం. ఇల్లు కొనేటప్పుడు ‘అది నల్లోళ్ల ఏరియా, వద్దు’ అన్న సలహా, కాస్త మర్యాదగా చెప్పాలంటే ‘మంచి స్కూల్ డిస్ట్రిక్ట్ చూసుకోండి’ అన్న సలహా, మన విందుల్లో పప్పన్నమంత మామూలు. ఆ ఏరియాలు అలా ఎందుకు ఏర్పడ్డాయో, 1930లలో ప్రభుత్వ సంస్థలే పటాల మీద నల్లజాతి పేటలను ఎర్రరంగుతో గుర్తించి ఇళ్ల రుణాలకు పనికిరానివని ఎలా తేల్చాయో ఆ విందులో ఎవరూ చెప్పరు.

ఒక వారంపాటు ఇంట్లో, వాట్సాప్ గ్రూపుల్లో, గుడిలో, మీ నోటితో సహా, రంగు గురించీ జాతి గురించీ వచ్చిన ప్రతి మాటనూ ఉన్నదున్నట్టు రాసుకోండి. వ్యాఖ్యానం అక్కర్లేదు. వారం చివర ఆ కాగితాన్ని మీ సూపర్‌వైజర్ ముందో, నమ్మకమైన సహచరుల ముందో చదవండి. కులం గురించి కూడా ఇదే పని చేయాలి. 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించే చట్టం తెచ్చిందంటే, ఆ సామాను మనం వెంట తెచ్చుకున్నట్టే కదా.

ఇక్కడ మనవారు తరచూ చెప్పే సమాధానం ఒకటుంది: ‘మేమూ బాధితులమే’. నిజమే. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవారు కారని, కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఓలేథ్‌లో, ‘నా దేశం వదిలి పో’ అని అరుస్తూ ఒకడు జరిపిన కాల్పుల్లో కూచిభొట్ల శ్రీనివాస్ ప్రాణాలు కోల్పోయారు. అయితే మనకు తగిలిన దెబ్బ, ఎదుటివారి దెబ్బ మనకు తెలిసిపోయిందనడానికి హామీపత్రం కాదు. పైగా మనలో ఎక్కువమందికి ఆ దేశపు తలుపు తెరిచిన 1965 వలస చట్టం, నల్లజాతివారు రక్తం ధారపోసి నడిపిన పౌరహక్కుల ఉద్యమ కాలపు ఫలం. ఈ సంగతి గుర్తుంచుకుంటే, క్లయింటు బాధ విని ‘నాకూ ఇలాగే జరిగింది’ అని తొందరపడి మన కథ అందుకోవడం తగ్గుతుంది.

3. ఫోను దగ్గరే మొదలవుతుందని గ్రహించండి

2016లో వెలువడిన ఒక అధ్యయనంలో, న్యూయార్క్ నగరంలోని 320 మంది థెరపిస్టులకు నల్లజాతి గొంతుతో ఒకటి, తెల్లజాతి గొంతుతో ఒకటి చొప్పున అపాయింట్‌మెంటు అడుగుతూ వాయిస్‌మెయిళ్లు పెట్టించారు. మధ్యతరగతివారిలా మాట్లాడిన తెల్లజాతి వారిలో 28 శాతం మందికి అపాయింట్‌మెంటు ఇస్తామనగా, అదే తరగతి నల్లజాతి వారిలో 17 శాతం మందికే ఆ మాట దక్కింది. కార్మిక తరగతి యాసతో మాట్లాడినవారికి ఏ జాతివారైనా దక్కింది 8 శాతమే. ఆ థెరపిస్టులలో చాలామంది ‘నాకు అందరూ ఒకటే’ అని నిజాయితీగా అనుకుని ఉంటారని నా అనుమానం.

దీనికి మందు చాలా చిన్నది, విసుగు పుట్టించేది కూడా. ఒక పుస్తకం పెట్టండి. ఎవరు ఎప్పుడు ఫోను చేశారు, మీరు ఎప్పుడు తిరిగి చేశారు, ఖాళీ లేదని ఎవరికి చెప్పారు, తక్కువ ఫీజు ఎవరికి ఇచ్చారు అన్నవి వరుసగా రాయండి. వచ్చిన క్రమంలోనే జవాబివ్వండి. మూడు నెలలకు ఒకసారి ఆ పేజీలు తిరగేస్తే, మీ గురించి మీకు తెలియని విషయం ఏదైనా ఉంటే అక్కడే కనబడుతుంది.

4. సెషన్‌లో మీరే దారి తెరవండి, తరవాత పక్కకు జరగండి

జాతి ప్రస్తావన క్లయింటే తేవాలని ఎదురుచూస్తే, ఆ బరువు కూడా ఆమె మీదే వేసినట్టు. మొదటి రెండు సెషన్లలోనే మామూలు గొంతుతో, ‘నేను భారతీయురాలిని, మీరు నల్లజాతివారు. ఇక్కడ మాట్లాడటంలో దానివల్ల ఏదైనా ఇబ్బంది అనిపిస్తే, ఇప్పుడైనా తరవాతైనా చెప్పవచ్చు, నేను వింటాను’ అంటే చాలు. ఆమె ‘ఏమీ లేదు’ అంటే అక్కడితో ఆపండి. తలుపు తెరిచారు, లోపలికి ఎప్పుడు రావాలో ఆమె ఇష్టం. మానసిక రోగాల నిర్ధారణకు అమెరికాలో వాడే గ్రంథం డీఎస్ఎం-5 (2013)లో చేర్చిన 16 ప్రశ్నల సాంస్కృతిక ఇంటర్వ్యూ దగ్గర పెట్టుకుంటే, తన సమస్యకు తాను ఏ పేరు పెట్టుకుంటున్నదో అడగడం కూడా అలవాటవుతుంది.

ఆఫీసులో జరిగిన ఒక సంఘటన ఆమె చెప్పిందనుకుందాం. మీటింగులో తాను చెప్పిన ఆలోచనను ఎవరూ పట్టించుకోలేదు, పది నిమిషాల తరవాత తెల్లజాతి సహోద్యోగి అదే చెబితే అందరూ మెచ్చుకున్నారు. ఆ క్షణంలో మన శిక్షణ మన చేత ‘వాళ్లు అలా అనుకుని చేసి ఉండకపోవచ్చేమో, ఇంకో కోణం చూద్దామా?’ అనిపిస్తుంది. ఆలోచనా లోపాలను వెతకడం నేర్చుకున్నవాళ్లం కదా. కానీ ఆ ప్రశ్న ఆమె అప్పటికే వందసార్లు తనను తాను వేసుకున్నది. దానికి బదులు ‘అప్పుడు మీరు ఏం చేశారు? ఒంట్లో ఎక్కడ తెలిసింది? ఇంటికి వెళ్లాక ఎవరితోనైనా చెప్పుకున్నారా?’ అని అడగండి. జరిగింది జరిగిందని ఒప్పుకున్న తరవాతే పని మొదలవుతుంది. మీకు అర్థం కాని చరిత్ర ఏదైనా ఉంటే, గంటకు ఫీజు కడుతున్న మనిషి చేత పాఠం చెప్పించుకోకుండా, సెషన్ అయ్యాక మీరే చదువుకోండి.

5. ఫైలులో రాసే ప్రతి విశేషణాన్నీ పట్టి చూడండి

నేను ఇంటర్న్‌గా ఉన్న రోజుల్లో, ఒక నల్లజాతి మహిళ మొదటి ఇంటర్వ్యూ తరవాత నోట్స్‌లో ‘గార్డెడ్, సస్పిషస్’ (మనసు విప్పదు, అనుమానంగా చూస్తుంది) అని రాశాను. పాత ఆసుపత్రి వివరాలు అడిగితే ఆమె బ్యాగు ఒడిలోకి లాక్కుని, ‘ఈ కాగితాలు ఎవరెవరు చూస్తారు?’ అని రెండుసార్లు అడిగింది. మా సూపర్‌వైజర్ ఆ రెండు మాటల కింద పెన్సిలుతో గీతగీసి, ‘ఆమె అడిగిన ప్రశ్నకు నువ్వేం జవాబు చెప్పావు?’ అని పక్కన రాసి ఇచ్చారు. నేను జవాబే చెప్పలేదు. ఫారం నింపే తొందరలో తరవాతి ప్రశ్నకు వెళ్లిపోయాను. ఆ రోజు నుంచి విశేషణం రాయబోయినప్పుడల్లా చూసిన పనిని రాయడం నేర్చుకున్నాను: ‘రికార్డులు ఎవరు చూస్తారని రెండుసార్లు అడిగారు; నేను వివరించలేదు.’ ఇలా రాస్తే తప్పు ఎవరిదో ఆ వాక్యమే చెబుతుంది.

ఇది మాటల పట్టింపు కాదు. అమెరికాలో నల్లజాతివారికి స్కిజోఫ్రీనియా అని నిర్ధారించే అవకాశం తెల్లవారితో పోలిస్తే రెండు రెట్లకు పైగా ఉన్నట్టు అధ్యయనాలు చూపుతున్నాయి, డిప్రెషన్ వంటి లక్షణాలకు తగిన బరువు ఇవ్వకపోవడం అందుకు ఒక కారణం. ‘సస్పిషస్’ అని మీరు రాసిన మాట, తరవాత చూసే వైద్యుడి చేతిలో ‘పారనోయిడ్’ అవుతుంది, అంటే అనుమానమే రోగలక్షణమైపోతుంది. పోలీసుల పట్ల భయం అని రాసేముందు, ఆ మనిషికి పోలీసులతో ఏం జరిగిందో అడిగి, అది కూడా రాయండి.

6. ప్రమాద సమయానికి ముందే ఏర్పాటు చేసుకోండి

2020 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో, మానసిక సంక్షోభంలో ఉన్న డేనియల్ ప్రూడ్ కోసం అతని అన్న సహాయం అడుగుతూ ఫోను చేస్తే పోలీసులు వచ్చారు. వారు నేలకు అదిమిపట్టిన తరవాత ప్రూడ్ స్పృహ కోల్పోయి, వారం రోజులకు మరణించాడు. అత్యవసర నంబరు 911కు ఫోను చేయడం మన శిక్షణలో భద్రతకు మారుపేరు; కొందరి ఇళ్లలో అదే ప్రమాదం. అందువల్ల సంక్షోభం వస్తే ఏం చేయాలో రాసుకునే సేఫ్టీ ప్లాన్ తయారుచేసేటప్పుడే, ‘పరిస్థితి చేయిదాటితే ముందు ఎవరిని పిలవాలి? పోలీసులు రాకుండా ఎలా చూడాలి?’ అని క్లయింటునే అడిగి పేర్లు, నంబర్లు రాసుకోండి. ఆత్మహత్య ఆలోచనలు, మానసిక సంక్షోభాల కోసం 2022 జూలై నుంచి పనిచేస్తున్న 988 ఫోను లైను గురించి చెప్పండి. పోలీసులు లేకుండా ఇంటికి వచ్చే మొబైల్ క్రైసిస్ బృందం మీ కౌంటీలో ఉందేమో, రాత్రిపూట కూడా వస్తుందేమో మీరే ఫోను చేసి కనుక్కోండి. వెబ్‌సైటులో ఉన్నంత మాత్రాన వస్తారని నమ్మవద్దు.

7. తప్పు దొర్లితే దిద్దుకోండి, మీ ఎదుట ఇంకొకరు తప్పు మాట్లాడితే ఊరుకోకండి

పేరు తప్పుగా పలికారు, ఇద్దరు నల్లజాతి క్లయింట్లను ఒకరనుకుని ఒకరిని పలకరించారు, జరుగుతుంది. ‘తప్పు పిలిచాను, క్షమించండి’ అని ఒక్క వాక్యంలో చెప్పి, ఆమె ఏమంటారో వినండి. మీరు ఎంత బాధపడుతున్నారో వర్ణించడం మొదలుపెడితే, మిమ్మల్ని ఓదార్చే పని ఆమె మీద పడుతుంది. ఆ బాధను సూపర్‌విజన్‌కు తీసుకువెళ్లండి.

మన తెలుగు క్లయింటే ‘పక్కింట్లోకి నల్లోళ్లు దిగారండీ, అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు’ అన్నప్పుడు కొంచెం చిక్కు. మందలిస్తే మనిషి ముడుచుకుపోతాడు. తల ఊపితే, ‘ఈవిడ కూడా మనలాగే’ అనుకుంటాడు, అది ఇంకా చెడ్డది. ‘నిద్ర పట్టకపోవడం గురించి తప్పక మాట్లాడదాం. వాళ్లు నల్లజాతివారు కావడంవల్ల ప్రమాదం ఉందన్నది మాత్రం నేను ఒప్పుకోను. అసలు భయం ఎప్పుడు మొదలైంది?’ అని అడిగితే, సాధారణంగా అతని ఉద్యోగం గురించో, హెచ్-1బీ గడువు గురించో అసలు సంగతి బయటికి వస్తుంది.

8. ఆమె వేరేవారి దగ్గరికి వెళ్తానంటే సాయపడండి

కొన్నాళ్లు గడిచాక, ‘నాలాంటివారే అయితే బాగుండుననిపిస్తోంది’ అని క్లయింటు అనవచ్చు. ఆమె ఎందుకలా అన్నదో విశ్లేషించే ప్రయత్నం చేయకండి. అడగడానికే ఆమెకు చాలా ధైర్యం పట్టి ఉంటుంది. అసోసియేషన్ ఆఫ్ బ్లాక్ సైకాలజిస్ట్స్ 1968 నుంచి ఉన్నది. ఆ సంఘంలోని వారితో, మీ ఊళ్లో ప్రాక్టీసు చేసే నల్లజాతి థెరపిస్టులతో ముందునుంచే పరిచయం పెట్టుకుని ఉంటే, చేతికొక జాబితా ఇచ్చి పంపే అవసరం రాదు. ఆమె ఇన్సూరెన్సు తీసుకునేవారు, ప్రస్తుతం కొత్త క్లయింట్లకు ఖాళీ ఉన్నవారు ఎవరో మీరే ఫోను చేసి కనుక్కుని, రెండు మూడు పేర్లు చెప్పండి. ఆమె అనుమతితో రికార్డులు పంపే ముందు, వాటిలో మీరు రాసిన నోట్స్‌ను ఆమె పక్కన కూర్చుని చదివి వినిపించండి. ఏదైనా మాట సరికాదంటే దిద్దుబాటు రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి. కొత్త థెరపిస్టుతో మొదటి సెషన్ జరిగిందని తెలిసేవరకూ ఆమె ఫైలును మూసేయకండి.