ఆశ్వయుజానికి కంకి వేసే ఎర్ర ఫౌంటెన్ గ్రాస్

ఏటిగట్టున రెల్లు తెల్లగా పూసిందంటే వానలు వెనకబట్టినట్టే. ఆ అందం పెరట్లోనూ కావాలని రెల్లునే తెచ్చి నాటితే చిక్కు. నేలకింద వేర్లతో పాకుతుంది, దూదిలాంటి విత్తనం గాలికెగిరి ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది. ఇంటికి సరిపోయేది ఎర్ర ఫౌంటెన్ గ్రాస్. వంగపండు రంగు ఆకు, నక్కతోకలా వంగే గులాబి కంకి, మూడు నాలుగడుగుల ఎత్తు. నర్సరీలో 'రూబ్రమ్' అని అడిగి తీసుకోండి. ఆకుపచ్చ రకం విత్తనం రాలి కలుపులా తయారవుతుంది. రూబ్రమ్‌కు విత్తనం దాదాపుగా పట్టదు, పిలకలు విడదీసి నాటాల్సిందే. కాబట్టి దాని విత్తనాలంటూ ప్యాకెట్ అమ్మజూపితే వదిలేయండి.

రోజుకు ఆరు గంటల ఎండ తప్పనిసరి. నీడలో ఆకు పచ్చబారి, దుబ్బు పక్కకు వాలుతుంది. సాయంత్రం మీరు కూర్చునే చోటికి పడమర వైపున నాటితే వాలు ఎండ కంకుల వెనకనుంచి పడి అవి వెలుగుతాయి. ఈ గడ్డి పెంచేదే అందుకు.

జూన్ తొలకరికి అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీసి, తవ్విన మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు రెండు దోసిళ్లు కలపండి. నల్లరేగడిలో నీరు నిలిచి కుదురు కుళ్లుతుంది, అక్కడ ముతక ఇసుక కలిపి అర అడుగు ఎత్తు మడి కట్టాలి. కుదురు నేలమట్టానికే ఉండాలి, లోతుగా పూడ్చకూడదు. మొక్కకూ మొక్కకూ రెండున్నర అడుగులు. ఒంటరి దుబ్బు కంటే మూడు కలిసి నిండుగా ఉంటాయి. కుండీ అయితే పద్నాలుగు అంగుళాలకు తగ్గొద్దు.

వాన లేకపోతే మొదటి మూడు వారాలు రోజు విడిచి రోజు నీళ్లు, వేరు పట్టాక వారానికోసారి చాలు. యూరియా జోలికి పోవద్దు. ఆకు ఏపుగా పెరిగి, కాడ బలహీనపడి, మొదటి గాలివానకే దుబ్బు పడిపోతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది కత్తిరింపులోనే. ఆగస్టులో గుబురుగా ఉందని కోసేస్తే రాబోయే కంకులు కూడా పోతాయి. కోత ఫిబ్రవరి చివర, ఏడాదికొక్కసారే. ముందు దుబ్బు నడిమి ఎత్తులో చుట్టూ తాడు వేసి బిగించి కట్టండి, తర్వాత నేలకు ఆరంగుళాల పైన కొడవలితో కోస్తే మోపులా ఒక్కటిగా వస్తుంది. ఆకు అంచులు గీసుకుంటాయి, చేతులకు తొడుగులు ఉండాలి.

ముందు వరుసలో జూలైలో గునుగు చల్లితే బతుకమ్మ నాటికి రెండూ కలిసి పూస్తాయి. దీపావళి టపాసులు మాత్రం దూరంగా కాల్చుకోండి, ఎండిన ఆకు ఇట్టే అంటుకుంటుంది.

న్యూజెర్సీలాంటి మంచు ప్రాంతాల్లో రూబ్రమ్ చలికి చచ్చిపోతుంది. అక్కడివాళ్లు చలికి తట్టుకునే స్విచ్ గ్రాస్ అనే గడ్డి వేసుకోవడం మేలు.

మూడో ఏటికి దుబ్బు నడిమి భాగం ఎండి బోడిగా కనిపిస్తుంది. అది తెగులు కాదు, ముదిరిన లక్షణం. తొలకరికి గునపంతో పెకలించి, నడుమ ముక్క పారేసి, అంచు పిలకలను నాలుగైదు చొప్పున వేళ్లతో సహా విడదీసి, ఆకును సగానికి కత్తిరించి అదే రోజు నాటేయండి.