పాఠం, పరిశోధన, రాత: డిజిటల్ మీడియా అధ్యాపకులు ఏడాదిని ఎలా నడుపుకోవాలి?

నల్లగొండలోనో పాలమూరులోనో జర్నలిజం పాఠాలు చెబుతూ, స్థానిక యూట్యూబ్ ఛానళ్ల మీదో వాట్సాప్ వార్తల మీదో పరిశోధన చేసేవాళ్లు చాలావరకు జూన్‌లో పాఠాల ప్రణాళిక వేసుకుని, పరిశోధనను సెలవులకు వదిలేస్తారు. పాత పత్రికల మీద పనిచేసేవాళ్లకు అది చెల్లుతుంది. 1922లో నల్లగొండ నుంచి వెలువడిన నీలగిరి పత్రిక సంచిక ఏ గ్రంథాలయంలోనైనా ఉందంటే ఎండాకాలం దాకా ఎక్కడికీ పోదు. వాట్సాప్ స్టేటస్ మాత్రం 24 గంటల్లో పోతుంది. అందుకే ఏది ముందు చెరిగిపోతుందో చూసుకుని ఏడాదిని పంచుకోవాలి.

1. జూన్‌లో ప్రశ్నను కుదించండి

"తెలంగాణలో సోషల్ మీడియా ప్రభావం" అని పెట్టుకుంటే పదేళ్లయినా తెమలదు. "2022 నవంబర్ 3 నాటి మునుగోడు ఉప ఎన్నికకు ముందు నెల రోజులు యూట్యూబ్ ఛానళ్లు థంబ్‌నెయిళ్ల మీద ఏం రాశాయి?" అంటే పట్టుకోగలిగిన పని. థంబ్‌నెయిల్ అంటే వీడియో తెరవకముందే కనిపించే బొమ్మ. అప్పటి వీడియోల్లో తీసేసినవీ ఉంటాయి కాబట్టి, మిగిలినవాటి గురించే మాట్లాడుతున్నామని వ్యాసం మొదట్లోనే చెప్పేయాలి.

2. సేకరణ రోజూ జరగాలి

ఏడాది మొత్తంలో వాయిదా వేయకూడని పని ఇదే. ఒక ఎక్సెల్ షీటు తెరవండి. లింకు, ఛానల్ పేరు, అప్‌లోడ్ చేసిన తేదీ, మీరు చూసిన తేదీ, ఆ వేళకు ఉన్న వ్యూస్, థంబ్‌నెయిల్ మీది మాటలు ఉన్నవి ఉన్నట్టు: ఈ ఆరు గడులు చాలు. మీరు చూసిన తేదీ రాయకపోతే వ్యూస్ అంకెకు విలువ లేదు, అది పూటపూటకూ మారుతుంది.

స్క్రీన్‌షాట్‌ను కత్తిరించకండి. పైనున్న టైము, కిందున్న కామెంట్ల సంఖ్య కూడా సాక్ష్యమే. ఫైలు పేరు "2025-10-14-చండూరు-01" అన్నట్టు ఏడాది, నెల, రోజు వరుసలో పెడితే కంప్యూటరే తేదీల ప్రకారం పేరుస్తుంది. వెబ్ పేజీలను వేబ్యాక్ మెషీన్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో భద్రం చేయొచ్చు గానీ, వీడియో కూడా నిలుస్తుందన్న భరోసా లేదు. ఒక్క టూల్‌నే నమ్ముకోవద్దు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులను గమనించడానికి పరిశోధకులు ఎంతగానో వాడిన క్రౌడ్‌టాంగిల్‌ను ఫేస్‌బుక్ యజమాని సంస్థ మెటా 2024 ఆగస్టులో మూసేసింది.

ఊరి వాట్సాప్ గ్రూపులో ఉన్నంత మాత్రాన అందులోని మాటలు మీ డేటా అయిపోవు. అడ్మిన్‌తో పాటు సభ్యులకూ చెప్పి, ఒప్పుకున్నవాళ్లవే తీసుకోండి. పేర్లు, ఫోన్ నంబర్లు షీటులోకి ఎక్కకముందే తీసేయండి.

3. క్లాసును పరిశోధనకు దగ్గర చేయండి

దేవరకొండ, మిర్యాలగూడ, నకిరేకల్ నుంచి వచ్చే పిల్లలకు తమ ఊరి ఛానళ్లు మీకంటే బాగా తెలుసు. ఒక్కొక్కరినీ ఒక ఛానల్ ఎంచుకుని వారం రోజుల హెడ్డింగులు రాసుకు రమ్మనండి. ఒకే ప్రమాదాన్ని నాలుగు ఛానళ్లు నాలుగు రకాలుగా చెప్పిన తీరు బోర్డు మీద పక్కపక్కన రాస్తే, ఆ గంటలో పాఠం దానంతటదే నడుస్తుంది. అయితే వాళ్లు తెచ్చినదాన్ని మీ వ్యాసంలో వాడాలంటే అనుమతి అడగాలి, పేరు చెప్పాలి. మార్కులు చేతిలో ఉన్న సార్ అడిగితే పిల్లలు కాదనలేరు కదా, అందుకే మార్కులు వేసేశాకే అడగడం మర్యాద.

4. దసరాకల్లా రాయడం మొదలవ్వాలి

డేటా అంతా వచ్చాక రాద్దామంటే ఎప్పటికీ రాయరు. బతుకమ్మ సెలవుల్లో పద్ధతి గురించిన భాగం రాసేయండి, దానికి ఫలితాలు అక్కర్లేదు. పరీక్షల వాల్యుయేషన్ నడిచే వారాల్లో రాత సాగదు, ఆ రోజులను ముందే వదిలేసుకోండి. ఇంగ్లిష్‌లో పరిశోధన వ్యాసం రాసే ముందు అదే విషయాన్ని దినపత్రిక పాఠకులకు తెలుగులో రాసి చూడండి, వాదన ఎక్కడ పలచబడిందో అక్కడే తేలుతుంది.

5. జర్నల్‌ను మీరే పరీక్షించుకోండి

ఏ పరిశోధన జర్నళ్లను నమ్మొచ్చో చెప్పే యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) కేర్ జాబితా 2025 ఫిబ్రవరిలో ఆగిపోయింది. ఇక సంపాదకవర్గంలో ఎవరున్నారు, వాళ్లు నిజంగా ఆ విషయం చదివినవాళ్లేనా, పాత సంచికల్లో వ్యాసాల నాణ్యత ఎలా ఉందన్నది మనమే చూసుకోవాలి. డబ్బు కడితే మూడు రోజుల్లో అచ్చేస్తామనే మెయిళ్లను తెరవకుండానే డిలీట్ చేయండి.

6. నెలాఖరున లెక్క రాయండి

చెప్పిన కొత్త పాఠం, వెళ్లిన సెమినార్, అచ్చయిన వ్యాసం ఒక్కో లైనులో రాసుకోండి. పరిశోధకులను గుర్తించే 16 అంకెల ఆర్కిడ్ (ORCID) ఐడీ ఉచితంగానే వస్తుంది, అచ్చయినవి అందులోనూ చేర్చండి. అదే రోజు సేకరణ ఫోల్డర్‌ను హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని ల్యాప్‌టాప్ బ్యాగులో కాకుండా వేరేచోట పెట్టండి.