బేస్‌మెంట్ వర్క్‌షాప్‌లో తేమ: ఏ లక్షణానికి ఏ కారణం, ఏ మరమ్మతు

అమెరికాలో ఇంటి బేస్‌మెంట్‌లో చెక్కపని మొదలుపెట్టేవాళ్ళు చాలామంది ముందు డీహ్యూమిడిఫయర్ (గాలిలోంచి తేమ తీసే మెషిన్) కొని, ఆ తర్వాత తేమ ఎక్కణ్ణుంచి వస్తోందో చూస్తారు. ముందు చూడాల్సింది తేమ వచ్చే దారి. మట్టిలోంచి వచ్చే నీటికీ, గాలితో దిగే తేమకూ చేయాల్సిన పనులు పూర్తిగా వేరు. గడ్డకట్టే చలి రోజుల్లో తప్ప, గది గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉంటే చాలు.

మీటర్ 45 చూపిస్తోంది, సొరుగు మాత్రం బిగుసుకుపోయింది

ముందు గాలిలో తేమ కొలిచే మీటర్‌నే అనుమానించండి. చవక మీటర్లలో అయిదారు శాతం తేడా మామూలే. సీసా మూతలో వంట ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత మాత్రమే నీళ్ళు కలపండి. ఉప్పు కరిగిపోకూడదు. మూతనూ మీటర్‌నూ గాలి చొరబడని జిప్ సంచిలో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున 75 శాతం చూపించాలి. 70 చూపిస్తే, ఇకమీదట ఆ మీటర్ చెప్పే అంకెకు 5 కలుపుకోండి.

వేసవిలో నేల చెమ్మగిల్లుతోంది, మూలల్లో ముక్కిన వాసన

18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ షీటును కాంక్రీటు మీద పరిచి, నాలుగు వైపులా టేపు వేయండి. కనీసం 16 గంటలు ఆగి చూడండి. షీటు కింద నీటి చుక్కలుంటే తేమ మట్టిలోంచి వస్తోంది. షీటు పైన తడి ఉంటే గాలిలోంచి. రెండూ ఉండొచ్చు.

మట్టిలోంచి వస్తుంటే పని ఇంటి బయట ఉంది. గట్టర్లు శుభ్రం చేసి, కిందికి దిగే గొట్టాలను గోడకు కనీసం 6 అడుగుల దూరం దాకా పొడిగించండి. గోడ నుంచి 10 అడుగుల దూరంలో నేల 6 అంగుళాలైనా కిందికి వాలాలి. ఇవి చేయకుండా లోపల వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేయడం డబ్బు దండగ, వెనకనుంచి నీరు నెట్టడంతో అది పొరలుగా ఊడిపోతుంది. బయట ఇవన్నీ చేశాక కూడా నీరు ఊరుతుంటే సంప్ పంపు (నేలలో తవ్విన గుంటలో చేరే నీటిని బయటికి తోడేది) పెట్టించక తప్పదు.

గాలిలోంచి వస్తుంటే కిటికీలు మూసేయండి. మన ఊళ్ళలో చెమ్మగా ఉన్న గదికి తలుపులు తీసి గాలి ఆడనిస్తాం. భూమిలోకి దిగి చల్లగా ఉండే గదికి ఆ అలవాటు పనికిరాదు. బయట 86 డిగ్రీల ఫారెన్‌హీట్, 60 శాతం తేమ ఉన్న గాలి దాదాపు 70 డిగ్రీలకు చల్లబడగానే నీరు వదులుతుంది. మీ కాంక్రీటు నేల 65 డిగ్రీలుంటే, కిటికీ తెరిచిన ప్రతిసారీ నేలను తడుపుతున్నట్టే. బట్టల డ్రయర్ గొట్టం ఊడి, వేడి ఆవిరి లోపలికే వస్తోందేమో కూడా చూడండి.

డీహ్యూమిడిఫయర్ ఆగకుండా తిరుగుతోంది, అంకె దిగడం లేదు

వర్క్‌షాప్‌లో మొదటి కారణం రంపపు పొట్టు. ఫిల్టర్ మూసుకుపోతే గాలి ఆడదు, కాయిల్ మీద మంచు కడుతుంది. పని జరిగే రోజుల్లో వారానికోసారి ఫిల్టర్ కడిగి ఆరబెట్టండి. ఇసుక కాగితం పట్టే పని చేసేటప్పుడు మెషిన్ ఆపేయడం ఇంకా మంచిది. ఫిల్టర్ శుభ్రంగా ఉన్నా మంచు కడుతోందంటే గది చల్లగా ఉన్నట్టు. 60 డిగ్రీల లోపు మామూలు కంప్రెసర్ రకం బాగా పనిచేయదు, అక్కడ తేమను పీల్చుకునే పదార్థంతో పనిచేసే డెసికెంట్ రకం కావాలి.

పొట్టును పీల్చే డస్ట్ కలెక్టర్ గాలిని ఇంటి బయటికి వదిలితే, అంత గాలీ బయటి తేమతో సహా ఏ సందులోంచో లోపలికి రావాల్సిందే. అంతకన్నా పెద్ద ప్రమాదం, గ్యాస్ వాటర్ హీటర్ పొగ వెనక్కి గదిలోకి లాగబడటం. కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. మంచి ఫిల్టర్ పెట్టి గాలిని గదిలోకే తిప్పండి, అలారం తప్పనిసరిగా బిగించండి.

డీహ్యూమిడిఫయర్ కొనేటప్పుడు ఒక సంగతి: అది రోజుకు ఎన్ని పింట్ల నీరు తీస్తుందో కొలిచే పరీక్షా పద్ధతి 2019లో మారి, 80కి బదులు 65 డిగ్రీల దగ్గర కొలుస్తున్నారు. పాత 70 పింట్ల మెషిన్, ఇప్పటి 50 పింట్ల మెషిన్ దాదాపు ఒకటే. బకెట్ నిండితే మెషిన్ ఆగిపోతుంది కాబట్టి, గొట్టాన్ని ఎక్కడా పైకి లేవకుండా వాలుగా డ్రెయిన్‌లోకి పెట్టండి.

టేబుల్ సా బల్ల మీద తుప్పు

చల్లటి పోత ఇనుముకు వెచ్చటి తడిగాలి తగిలి నీరు పేరుకుంటుంది. మెత్తటి అబ్రేసివ్ ప్యాడ్‌తో తుప్పు తీసి, తుడిచి, పేస్ట్ వ్యాక్స్ పలచగా రాసి, ఆరాక రుద్దండి. సిలికాన్ ఉన్నది వద్దు. అది చెక్కకు అంటితే వార్నిష్ గుంటలు గుంటలుగా విడిపోతుంది.

పలక వంగింది, ఫ్రేములో పగిలింది

70 డిగ్రీల గదిలో తేమ 30 శాతం ఉంటే చెక్కలో 6 శాతం నీరు నిలుస్తుంది, 60 ఉంటే 11. ఫ్లాట్‌సాన్ పద్ధతిలో (దుంగను పొడవునా వరుస పలకలుగా) కోసిన 12 అంగుళాల వెడల్పు రెడ్ ఓక్ పలక ఈ తేడాకే పావు అంగుళానికి కొంచెం తక్కువ కదులుతుంది. ఈ కదలికను ఏ జిగురూ ఆపలేదు. పలకను గాడిలో వదులుగా కూర్చోబెట్టండి, జిగురు పెట్టకండి. కొత్త కలపను కాంక్రీటు మీద ఎప్పుడూ పరచొద్దు. నేలకు 4 అంగుళాల పైన, మధ్యలో ముప్పావు అంగుళం బద్దలు పెట్టి పేర్చి, కనీసం రెండు వారాలు గదికి అలవాటు కానిచ్చాకే చిత్రిక పట్టండి.

షెల్లాక్ (లక్కతో చేసే పూత), లాకర్ పూత తెల్లగా మసకబారింది

పూత చల్లబడి గాలిలోని నీటిని పట్టుకుంది. తేమ 50కి దిగేదాకా ఆగండి. షెల్లాక్ మీద మసకనైతే ఆల్కహాల్ కొద్దిగా చల్లిన గుడ్డతో ఒక్కసారి తేలిగ్గా తుడిస్తే చాలాసార్లు పోతుంది.

చలికాలంలో చెక్క చివర్లు చీలుతున్నాయి

ఇల్లు వేడిచేసే ఫర్నేస్ వల్ల తేమ 25 శాతానికి పడిపోతుంది. డీహ్యూమిడిఫయర్ ఆపి, చిన్న హ్యూమిడిఫయర్ పెట్టండి. చివర్లకు మైనం కానీ పెయింట్ కానీ రాయండి. పొగ గొట్టం లేని ప్రొపేన్ హీటర్‌తో తేమ తెచ్చుకోవాలని చూడొద్దు. ఒక పౌండు ప్రొపేన్ మండితే 1.6 పౌండ్ల నీరు పుడుతుంది, దానితోపాటు విషవాయువూ రావొచ్చు. పైగా చుట్టూ రంపపు పొట్టు. గడ్డకట్టే చలిలో 35 శాతం దాటనివ్వకండి, దాటితే గోడ పైఅంచు దూలాల దగ్గర నీరు పేరుకుని బూజు పడుతుంది.