పొదుగు వాపుకు ట్యూబు ఎక్కించే ముందు

ఆవుకు జ్వరం ఉన్నా, మేత మానేసినా ట్యూబు (చన్ను రంధ్రంలోకి ఎక్కించే మందు) ఒక్కటే చాలదు, ముందు డాక్టర్ని పిలవండి. మందు ఆయన రాసిందే కావాలి, షాపువాడు చెప్పింది కాదు.

పరీక్షకు పాలు మందు వేయకముందే తీయాలి. వేశాక తీస్తే సూక్ష్మజీవి ల్యాబులో పెరగకపోవచ్చు. చనుకొన స్పిరిట్‌తో తుడిచి, మొదటి మూడు ధారలు వదిలేసి, తర్వాతివి స్టెరైల్ (క్రిములు లేని) సీసాలో పట్టండి. గుంటూరు ఎండలో ఐసు లేకుండా గన్నవరం వెటర్నరీ కాలేజీ దాకా మోస్తే ఆ శ్రమంతా వృథా.

చన్ను పూర్తిగా పిండేయండి, నేలమీద కాదు, బకెట్లోకి.

గ్లవ్స్ తొడిగి, చన్నుకో కొత్త స్పిరిట్ దూదితో, దూదికి మురికి అంటనంతవరకు కొన తుడవాలి. నాలుగు చన్నులకూ వేయాలంటే తుడవడం అవతలి వాటితో మొదలుపెట్టాలి, ఎక్కించడం ఇవతలి వాటితో. అప్పుడు తుడిచిన చన్నుకు చెయ్యి తగలదు.

ట్యూబు ముక్కు 3 మిల్లీమీటర్లు దూరితే చాలు. మొత్తం తోస్తే రంధ్రం లోపలి రక్షణ పొర చెదిరి, కొనమీది క్రిములే లోపలికి పోతాయి. చాలామంది చేసే తప్పు ఇదే.

అయ్యాక చనుకొనలు అయోడిన్‌లో ముంచి, ఆవు అరగంట పడుకోకుండా పచ్చిగడ్డి వేయండి.

మందు వేశాక ఎన్నాళ్లు పాలు వాడకూడదో లేబుల్ మీద ఉంటుంది, ఆ గడువు తీరేదాకా నాలుగు చన్నుల పాలూ పాల కేంద్రానికి పోయకూడదు, మందు వేసిన చన్నువే కాదు. దూడకూ వద్దు.