రేంజ్‌ఫైండర్ కొనేముందు మెరీనాకి తీసుకెళ్లండి

రేంజ్‌ఫైండర్ కెమెరా (రెండు బొమ్మల్ని ఒకటిగా కలిపి ఫోకస్ చేసేది) కొందామనుకునేవాళ్లు నన్ను లెన్స్ గురించే అడుగుతారు. నేనైతే ముందు వ్యూఫైండర్‌లోంచి, అంటే కన్ను ఆనించే కిటికీలోంచి, చూడమంటాను. షాపులో ట్యూబ్‌లైట్ కింద ఏ కెమెరా అయినా బాగానే కనిపిస్తుంది. వీలుంటే అమ్మేవాళ్లని ఒప్పించి, తెల్లవారగానే చెన్నై మెరీనా బీచ్‌కి రమ్మనండి. ఫిల్మ్ కెమెరా లైకా ఎం6, డిజిటల్ ఎం10 పక్కపక్కన దొరికితే తేడా బాగా తెలుస్తుంది. మొదటిది నా దగ్గరుంది, రెండోది ట్రిప్లికేన్‌లో ఉండే మా స్నేహితుడిది.

ముందు కెమెరా ఆఫ్ చేసి చూడండి. ఎం6లో బ్యాటరీ లేకపోయినా ఫ్రేమ్ లైన్లు (ఫొటోలో ఎంతవరకు వస్తుందో చూపే గీతలు) కనిపిస్తాయి. ముందువైపున్న గరుకు గాజు కిటికీలోంచి వచ్చే వెలుతురే వాటిని చూపిస్తుంది. దానికి వేలు అడ్డం పెడితే లైన్లు మాయం! 2012లో ప్రకటించిన ఎం టైప్ 240తో ఆ కిటికీ పోయి, ఎల్ఈడీ వచ్చింది. ఎం10లోనూ అంతే. కాబట్టి బ్యాటరీ అయిపోతే ఫోకస్ ప్యాచ్ (రెండు బొమ్మలూ కలిసే, మధ్యలోని చిన్న గడి) ఉంటుంది గానీ లైన్లుండవు. అయితే చీకటి పడ్డాక మైలాపూర్ మాడవీధుల్లో నడిచి చూడండి. ఎం6 లైన్లు వెలవెలబోతాయి, ఎం10లోవి మాత్రం స్పష్టంగా ఉంటాయి. ఈ ఒక్క విషయంలో నా ఓటు డిజిటల్‌కే.

సముద్రం వైపు తిరిగి, సూర్యుడికి కాస్త పక్కగా గురిపెట్టండి. (నేరుగా వద్దు, కళ్లు పోతాయి.) 1984 నాటి ఎం6లో ఇలాంటి వెలుగులో ప్యాచ్ తెల్లగా అయిపోయి, ఫోకస్ చేయడం కష్టమవుతుంది. కంటిని కొంచెం అటూ ఇటూ జరిపితే తిరిగి కనిపిస్తుంది. ఆ తర్వాత లెన్స్‌ని ఇన్ఫినిటీకి (అన్నిటికన్నా దూరపు గుర్తుకి) తిప్పి, దూరంగా లంగరేసిన ఓడ స్తంభాన్ని చూడండి. రెండు బొమ్మలూ ఒకటి కాకపోతే రేంజ్‌ఫైండర్ అడ్జస్ట్‌మెంట్ తప్పిందన్నమాట. ఒకదానిమీద ఒకటి పైకీ కిందకీ జరిగి ఉన్నా అంతే. ఫిల్మ్ అయినా డిజిటల్ అయినా ఈ పరీక్ష మానొద్దు.

చాలామంది పట్టించుకోనిది ఇంకోటుంది. లైన్ల లోపల కనిపించేదే ఫొటోలో వస్తుందనుకుంటారు. ఎం6 లైన్లు 0.7 మీటర్ల దూరానికి కొలిచి పెట్టినవి. దూరంగా ఉన్న లైట్‌హౌస్‌ని వాటిలో సరిగ్గా ఇరికిస్తే, నెగటివ్ మీద చుట్టూ ఇంకా చాలా చోటు మిగిలి ఉంటుంది. ఎం10 లైన్లకి లెక్క 2 మీటర్లు. దూరపు దృశ్యానికి అవే దగ్గరగా సరిపోతాయి, దగ్గరగా ఉన్న మనిషి విషయంలో మాత్రం అంచులు తెగే ప్రమాదం ఉంది. నేను వీధుల్లో తీసేవి రెండు మూడు మీటర్ల దూరంలోనివే కాబట్టి ఎం10 లెక్కే నాకు నప్పుతుంది.

కళ్లజోడు పెట్టుకునేవాళ్లు జోడుతోనే చూడాలి. ఎం6లో మాగ్నిఫికేషన్ (మామూలు కంటితో పోలిస్తే ఫైండర్‌లో బొమ్మ ఎంత సైజులో కనిపిస్తుందో ఆ లెక్క) 0.72, ఎం10లో 0.73. రెండింట్లోనూ 28 ఎంఎం లెన్స్‌కి చూపే లైన్ల అంచులు నా జోడులోంచి పూర్తిగా కనిపించవు. లైకాదే 1954 నాటి ఎం3లో అది 0.91. 50 ఎంఎం లెన్స్‌కి, రెండు కళ్లూ తెరిచి చూసే అలవాటుకి దాన్ని మించింది లేదు. 35 ఎంఎంకి అందులో ఫ్రేమే లేదు.

వెలుతురు కొలిచే మీటర్ గొడవ పెద్దది కాదు. ఎం6లో రెండు ఎర్ర బాణాలూ సమానంగా వెలిగితే ఎక్స్‌పోజర్ సరి. ఎం10 ఆటోలో షట్టర్ స్పీడ్ అంకె కూడా చూపిస్తుంది. 1972లో వచ్చిన కానోనెట్ క్యూఎల్17 జీ-3లో కుడిపక్క ఎపర్చర్ స్కేలు, దానిమీద ముల్లు ఉంటాయి. ఫ్యూజీ ఎక్స్100వీ అయితే అసలు రేంజ్‌ఫైండరే కాదు, గాజులోంచి చూసే బొమ్మ మీద అంకెలు వేసి చూపిస్తుంది. అన్నీ ఆన్ చేస్తే లెక్కల పుస్తకమే. మెనూలోకి వెళ్లి సగం తీసేయండి.

పాత ఫిల్మ్ కెమెరా అయితే ఫోన్ టార్చి వేసి ఫైండర్ లోపల చూడండి. మన చెన్నై ఉక్కపోతకి బూజు పడుతుంది. మసక మాత్రమే ఉంటే శుభ్రం చేయించుకోవచ్చు, ధర తగ్గించమనీ అడగొచ్చు. లోపలి అద్దం మీది పూత పోయి ప్యాచే కనిపించకపోతే మాత్రం ఎంత చవకగా ఇచ్చినా వద్దు, తుడిస్తే వచ్చేది కాదది.